‘ద వైర్’ సీరియల్: కథ, పాత్రల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సీరియల్ చూడమని ఎవరికి చెప్పినా అవే ప్రశ్నలు తిరిగి నా దగ్గరికి వస్తున్నాయి. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో విడివిడిగా టైప్ చేసి విసుగొచ్చి అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఎవరు చస్తారో, ఎవరు బతుకుతారో, చివరికి ఏమవుతుందో అన్నీ చెప్పేస్తాను. ఇంకా చూడనివాళ్లు మొదటి మూడు ప్రశ్నల దగ్గర ఆగిపోవడం మంచిది.

ఇది ఎప్పటిది? ఎన్ని సీజన్లు?

హెచ్‌బీఓలో 2002 జూన్ 2న మొదలై 2008 మార్చి 9న అయిపోయింది. 5 సీజన్లు, 60 ఎపిసోడ్లు. కథంతా అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో, బాల్టిమోర్ అనే రేవు పట్టణంలో జరుగుతుంది. దీన్ని తయారుచేసిన డేవిడ్ సైమన్ ఒకప్పుడు ‘బాల్టిమోర్ సన్’ పత్రికలో క్రైమ్ రిపోర్టర్. ఆయనతో కలిసి రాసిన ఎడ్ బర్న్స్ అదే ఊళ్లో హత్య కేసులు చూసిన డిటెక్టివ్, ఉద్యోగం అయ్యాక బడిలో పాఠాలు చెప్పాడు. ఒకరు ఏళ్ల తరబడి పోలీసుల్ని చూస్తూ ఉంటే, ఇంకొకరు ఇరవై ఏళ్లు పోలీసుగా ఉన్నట్టన్నమాట. తెరమీద కనిపించే చిన్న చిన్న వివరాలన్నీ ఇక్కడినుంచే వచ్చాయి.

పోలీసులు, దొంగలు. ఇందులో కొత్తేముంది?

మొదటి సీజన్ చూస్తే అలాగే ఉంటుంది. మాదకద్రవ్యాల ముఠా ఒకవైపు, వాళ్ల ఫోన్లు వినే పోలీసు బృందం ఇంకోవైపు. రెండో సీజన్‌లో కథ ఓడరేవుకి వెళ్తుంది. మూడోదాంట్లో మేయర్ ఆఫీసుకి, నాలుగోదాంట్లో ప్రభుత్వ బడికి, ఐదోదాంట్లో పత్రికాఫీసుకి. పాతవాళ్లు పోకుండానే కొత్తవాళ్లు వచ్చి చేరుతుంటారు. ఒక కేసు పట్టుకుని లాగితే ఊరంతా కదులుతుంది.

మూడు ఎపిసోడ్లు చూశాం. ఒక్క ముక్క అర్థం కాలేదు. మాలోనే లోపమా?

ఏం కాదు. నేనూ మొదటిసారి మూడోదాని మధ్యలో ఆపేశాను. ఏడాది తర్వాత జ్వరమొచ్చి ఇంట్లో పడి ఉన్నప్పుడు మళ్లీ మొదలుపెడితే ఐదోదానికి పట్టేసింది. ఇందులో ఎవరినీ మనకి పరిచయం చెయ్యరు. మొదటి ఎపిసోడ్ చివర ఒక్కచోట తప్ప ఫ్లాష్‌బ్యాక్ ఉండదు. సీజన్ చివరి మాంటేజ్‌లు పక్కన పెడితే నేపథ్య సంగీతం కూడా దాదాపు లేదు. పాట వినిపించిందంటే అది ఏ కారు రేడియోలోంచో వస్తున్నట్టు. ఇక్కడ ఏడవాలి, ఇక్కడ భయపడాలి అని చెప్పేవాళ్లు లేకపోవడంతో మొదట్లో బిక్కమొహం వేస్తాం. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఆ వీధి భాష ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకే అందదు. పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు, మొహాలు గుర్తుంటే చాలు.

ఇక్కడినుంచి అన్నీ స్పాయిలర్లే.

ఇంతకీ హీరో ఎవరు?

డిటెక్టివ్ మెక్‌నల్టీ అనుకుని మొదలుపెడతాం. నాలుగో సీజన్‌కి వచ్చేసరికి ఆయన ఎపిసోడ్‌కి ఒకటి రెండు సీన్లలో కనిపిస్తే గొప్ప. ‘ఊరే హీరో’ అని చాలామంది అంటారు. వినడానికి బాగుంటుంది గానీ నాకా మాట నచ్చదు. ఊరు ఎవరినీ ప్రేమించదు, ఎవరికీ ద్రోహం చెయ్యదు. ఆ పనులు చేసేది మనుషులే.

నేను చూసింది వేరు. ఇందులో దాదాపు ప్రతివాడూ ఏదో ఒక సీజన్‌లో మారాలనుకుంటాడు. మందు మానెయ్యాలని ఒకడు, మత్తుమందులమ్మే వీధిలోంచి బయటపడాలని ఒకడు, నిజాయితీగా పోలీసు పని చెయ్యాలని ఒకడు. కోరిక అందరికీ ఉంది. ఆ సమయానికి పక్కన ఎవరు నిలబడ్డారు, ఎవరు తలుపేసుకున్నారు అన్నదాన్నిబట్టే ఒక్కొక్కరి కథ ఒక్కోలా తేలింది. కింద రాసినవన్నీ ఆ కళ్లతో చూసినవే.

మొదటి సీన్‌లో చచ్చిపోయిన కుర్రాడికి, తర్వాతి కథకి సంబంధం ఏమిటి?

కథాపరంగా ఏమీ లేదు. ఆ కుర్రాడు ప్రతి శుక్రవారం పాచికల ఆటలో కూర్చోవడం, డబ్బు పోగవగానే ఎత్తుకుని పరిగెత్తడం, మిగతావాళ్లు పట్టుకుని తన్నడం. ఈసారి ఎవరో కాల్చేశారు. ‘ప్రతివారం ఎత్తుకుపోతుంటే ఎందుకు ఆడనిస్తున్నారు?’ అని మెక్‌నల్టీ అడుగుతాడు. ఆడనివ్వక తప్పదు, ఇది అమెరికా కదా అంటాడు పక్కనున్నవాడు. అందరికీ ఆటలో చోటుంది. తన్నులు మాత్రం ఎవరికో ముందే తెలుసు.

సీరియల్ అంతటా తిరిగి తిరిగి వచ్చే విషయం ఏమిటి?

అంకెలు. మన భాషలో చెప్పాలంటే కాకి లెక్కలు.

హత్యల విభాగంలో ఒక పెద్ద తెల్లబోర్డు ఉంటుంది. కేసు తేలకపోతే చచ్చినవాడి పేరు ఎర్ర ఇంకులో, తేలితే నల్ల ఇంకులో. రాల్స్ అనే అధికారికి ఆ బోర్డు తప్ప ఇంకేమీ కనబడదు. రెండో సీజన్‌లో ఆయనమీద కోపంతో మెక్‌నల్టీ చేసే పని చూడండి. హార్బర్‌లో తేలిన ఒక అమ్మాయి శవం, కంటైనర్‌లో ఊపిరాడక చచ్చిన 13 మంది అమ్మాయిలు. ఇవి మా పరిధిలోవి కావని రాల్స్ చేతులు దులుపుకుంటాడు. పడవ డ్యూటీకి బదిలీ అయి ఉన్న మెక్‌నల్టీ అలల పట్టికలు ముందేసుకుని, గాలి ఎటు వీచిందో లెక్కగట్టి, ఆ శవం నగర పరిధిలోనే నీళ్లలో పడిందని నిరూపిస్తాడు. కంటైనర్‌వి కూడా హత్యలేనని తేలుస్తాడు. మొత్తం 14 పేర్లు రాల్స్ బోర్డుమీద పడతాయి. న్యాయం కోసం చేసిందా అంటే కానే కాదు, కక్ష. తర్వాత సిగ్గుపడి ఆ నీళ్లలో దొరికిన అమ్మాయి పేరు తెలుసుకోవాలని తెగ తిరుగుతాడు. ఆమె పేరు చివరిదాకా తెలియదు.

ఇవే లెక్కలు నాలుగో సీజన్‌లో బడికి వస్తాయి. పోలీసు ఉద్యోగం పోయి లెక్కల మాస్టారైన ప్రెజ్‌కి, పరీక్షలో వచ్చే ప్రశ్నలే చెప్పండి, మిగతాది వదిలెయ్యండి అని పైనుంచి ఆర్డరు వస్తుంది. స్టేషన్‌లో కేసుల లెక్కలు తారుమారు చేసినట్టే ఇక్కడ మార్కులు అని ఆయనకి అక్కడికక్కడే వెలుగుతుంది. ఇది అర్థం కావడానికి మనకి వేరే వివరణ అక్కర్లేదు. టీవీలో ‘ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు’ అని ర్యాంకుల పాట వింటూ పెరిగినవాళ్లం.

చదరంగం సీన్‌ని అందరూ అంత పొగుడుతారేం?

మూడో ఎపిసోడ్‌లో, బస్తీ మధ్య ఖాళీ జాగాలో పాత నారింజరంగు సోఫా. వాలస్, బోడీ అనే ఇద్దరు కుర్రాళ్లు చదరంగం బల్లమీద వేరే ఆటేదో ఆడుతుంటే ముఠాలో వాళ్ల పైవాడు డీఏంజెలో వచ్చి అసలు ఆట నేర్పుతాడు. రాజు ఇలా, ఏనుగు ఇలా, బంట్లు ముందుకే పోవాలి, ముందు చచ్చేదీ అవే. రాజు మాత్రం ఎప్పటికీ రాజే. బోడీకి ఒకటే అనుమానం: బంటు చివరి గడిదాకా చేరితే? మంత్రి అవుతుంది గానీ, చేరేవి తక్కువ అంటాడు డీఏంజెలో. తెలివైన బంటైతే చేరుతుందిలే అని బోడీ ధీమా.

పొగడ్తంతా ఆ సీన్‌కే ఇస్తారు. నాకైతే దాని రెండో సగం నాలుగో సీజన్ చివర్లో ఉంది. ఒక పార్కులో మెక్‌నల్టీ పక్కన కూర్చుని, చిన్నప్పటినుంచి ఒక్కరోజు కూడా లెక్క తప్పలేదు, చెప్పింది చెప్పినట్టు చేశాను, అయినా చదరంగం బల్లమీద ఆ చిన్న ముక్కల్లా అయిపోయాం అంటాడు బోడీ. పోలీసుతో కనిపించినందుకు ఆ రాత్రే తన మూలమీద నిలబడి చస్తాడు. పారిపొమ్మని పక్కవాడు బతిమాలినా కదలడు.

ఈ ముగ్గురిలో ఎవరూ ఐదో సీజన్ చూడరు.

వాలస్ చచ్చిన ఎపిసోడ్ తర్వాత బోడీని ఎలా క్షమించాలి?

క్షమించమని ఎవరూ అడగరు. వాలస్‌కి 16 ఏళ్లు. కరెంటు దొంగతనంగా లాగిన పాడుబడ్డ ఇంట్లో తనకంటే చిన్నపిల్లల్ని నలుగురైదుగురిని సాకుతుంటాడు. పొద్దున్నే లేపి, ఒక్కొక్కరికీ చిప్స్ ప్యాకెట్టు, జ్యూస్ డబ్బా చేతిలో పెట్టి బడికి తోలతాడు. ఒక పాపకి బస్సులో ఎక్కినవాళ్లు, దిగినవాళ్లు అనే లెక్క ఎంతకీ రాదు. అదే లెక్కని సరుకు సీసాల్లో అడిగితే టక్కున చెబుతుంది. ఇది ఎలా వచ్చిందే అంటే, లెక్క తప్పితే తంతారు కదా అంటుంది. నాలుగో సీజన్‌లో ప్రెజ్ పాచికలతో లెక్కలు నేర్పించడం మొదలుపెట్టినప్పుడు నాకు ఈ పాపే గుర్తొచ్చింది.

ఇలాంటి పిల్లాణ్ని చంపమని ముఠాలో రెండో పెద్ద స్ట్రింగర్ బెల్ చెబితే బోడీ, పూట్ వెళ్తారు. బోడీ చెయ్యి వణుకుతుంది, కన్నీళ్లొస్తాయి, అయినా కాలుస్తాడు. ఆ తర్వాత రెండో సీజన్‌లో సరుకు కోసం ఊరు దాటి కారులో వెళ్తుంటే రేడియోలో బాల్టిమోర్ స్టేషన్ గరగరలాడి ఆగిపోతుంది. రేడియో పాడైందనుకుంటాడు. స్టేషన్లు ఊరూరికీ మారతాయని వాడికి తెలియదు, అప్పటిదాకా ఊరు దాటితే కదా. నవ్వొచ్చే సీనే. హత్య చేసినవాడు అంత చిన్న ప్రపంచంలో బతికాడని తెలిశాక వాడిమీద కోపం పోదుగానీ, కోపం ఒక్కటే మిగలదు.

మెక్‌నల్టీ నిజంగా మారాడా, లేదా?

మారాడు, మళ్లీ పాడయ్యాడు. మనం బాగుపడటం అనుకునేది ఆయనకి నాలుగో సీజన్‌లో జరుగుతుంది. డిటెక్టివ్ పని వదిలేసి మామూలు బీటు కానిస్టేబుల్‌గా తిరుగుతాడు, మందు తగ్గిస్తాడు, బీడీ రసెల్ ఇంట్లో పిల్లలతో కలిసి అన్నం తింటాడు. చూడ్డానికి హాయిగా ఉంటుంది. ఒకటే చిక్కు, ఆయనకి తెలివి ఉంది. ఆ తెలివిని మెచ్చుకునేది కేసులు మాత్రమే. బోడీ చావు చూశాక తిరిగొస్తాడు. ఐదో సీజన్‌కి మందు, అబద్ధాలు, లేని సీరియల్ కిల్లర్ని పుట్టించడం.

మొదటి సీజన్‌లోనే తోటి డిటెక్టివ్ లెస్టర్ ఫ్రీమన్ ఆయన్ని హెచ్చరిస్తాడు. ఎక్కడికి బదిలీ కావాలని పైవాళ్లు అడిగితే నోరు మూసుకో, నచ్చనిచోటుకే పంపుతారు అని. లెస్టర్ అనుభవం అది. ఒక కేసులో పెద్దవాళ్ల మాట విననందుకు ఆయన్ని కుదువ దుకాణాల విభాగంలో పడేశారు. ఎన్నాళ్లని అడిగితే 13 ఏళ్ల 4 నెలలు అని చెబుతాడు. ఆ నాలుగు నెలలు కూడా లెక్కపెట్టుకున్నాడు చూడండి. అన్నేళ్లూ పిచ్చెక్కకుండా ఉండటానికి బొమ్మరిళ్లకి చిన్నచిన్న కుర్చీలు, బల్లలు చెక్కుకుంటూ కూర్చున్నాడు. లెస్టర్‌కి ఉన్న ఆ బొమ్మల పని మెక్‌నల్టీకి లేదు. ఇద్దరి మధ్య తేడా నాకు అంతే కనిపిస్తుంది.

స్ట్రింగర్ బెల్ బిజినెస్‌మన్ అవ్వాలనుకున్నాడు. అందులో తప్పేముంది?

తప్పేం లేదు, తెలివితక్కువ కూడా లేదు. రాత్రి కాలేజీలో ఎకనామిక్స్ చదువుతాడు, గల్లీ కుర్రాళ్లతో సభామర్యాదలు పాటిస్తూ మీటింగ్ పెడతాడు. ఒకసారి మీటింగ్‌లో ఒకడు శ్రద్ధగా రాసుకుంటుంటే, నేరం చేస్తూ మినిట్స్ రాస్తావా అని స్ట్రింగర్ కాగితం లాక్కుంటాడు. ఆ సీన్‌లో ఆయన కథంతా ఉంది. రెండు ప్రపంచాల పద్ధతులూ కలిపేద్దామనుకున్నాడు, అవి కలవవు.

సూటూ బూటూ వేసుకుని పెద్దమనుషుల్లోకి వెళ్తే క్లే డేవిస్ అనే సెనేటర్ పర్మిట్లు ఇప్పిస్తానని చెప్పి 2,50,000 డాలర్లు నున్నగా మింగేస్తాడు. తుపాకీ లేదు, బెదిరింపు లేదు. మనకి ఇలాంటి ‘పని చేయించిపెట్టే’ పెద్దమనుషులు కొత్త కాదుగా. వీధిలో అందర్నీ మించిన తెలివైనవాడు అక్కడ పసిపిల్లాడైపోతాడు.

చావుకి ముందు బాల్కనీ సీన్ తప్పకుండా రెండుసార్లు చూడండి. స్ట్రింగర్, ముఠా నాయకుడు ఏవన్ చిన్నప్పటి దొంగతనాలు తలుచుకుని నవ్వుకుంటారు. అప్పటికే ఏవన్ దాక్కునే చోటు స్ట్రింగర్ పోలీసుకి చెప్పేశాడు. స్ట్రింగర్ రేపు ఎక్కడుంటాడో ఏవన్ శత్రువుకి చెప్పేస్తున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. కౌగిలించుకుంటారు.

ఓమర్‌ని అంత సులువుగా చంపేశారేం?

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, అదీ తిట్ల రూపంలో. డ్రగ్ డీలర్లని మాత్రమే దోచుకునే దొంగ, మామూలు జనం జోలికి పోడు, బూతు మాట్లాడడు, వీధిలోకి వస్తే పిల్లలు పేరు అరుస్తూ పరిగెత్తుతారు. మన సినిమాల్లో అయితే ఇంటర్వెల్ సీన్ అతనిదే. అలాంటివాడు కిరాణా కొట్టులో సిగరెట్ ప్యాకెట్ కొనుక్కుంటుంటే కెనార్డ్ అనే బుడతడు వెనకనుంచి కాలుస్తాడు.

సులువుగా చంపడంలోనే విషయం ఉంది. ఓమర్‌కి నీతి ఉందని మనం నమ్మాం, అతనూ నమ్మాడు. రెండో సీజన్‌లో కోర్టు బోనులో లాయరు లెవీ అతన్ని పీల్చి బతికేవాడివని తిడితే, నా దగ్గర తుపాకీ ఉంది, నీ దగ్గర బ్రీఫ్‌కేసు ఉంది, ఆట ఒకటేగా అంటాడు. చప్పట్లు కొట్టబుద్ధేస్తుంది. కానీ మూడో సీజన్‌లో హత్యల విభాగం డిటెక్టివ్ బంక్ అతన్ని పట్టుకుని కడిగేస్తాడు. నువ్వు కాల్పులు జరిపిన వీధిలో పిల్లలు ఓమర్ వేషం కట్టి ఆడుకుంటున్నారు, మనం ఇంత దిగజారామా అని. అప్పుడు మాత్రం ఓమర్ దగ్గర జవాబుండదు.

చచ్చిన మర్నాడు పేపర్లో రెండు లైన్లు వెయ్యడానికి కూడా చోటు దొరకదు. మార్చురీలో అతని పేరు చీటీ ఇంకో శవానికి తగిలించి ఉంటే, ఒకతను చూసి సరిచేసి జిప్ లాగేస్తాడు. వీధిలో దేవుడు, మార్చురీలో చీటీ.

ఓమర్‌గా నటించిన మైకెల్ కె. విలియమ్స్ 2021లో చనిపోయాడు.

రెండో సీజన్ బోరు అంటారు. వదిలేసి మూడోదానికి పోవచ్చా?

పోకండి. తెల్లవాళ్ల రేవు యూనియన్ కథలోకి సడెన్‌గా ఎందుకొచ్చిందని అందరూ విసుక్కుంటారు. 1950లో బాల్టిమోర్ జనాభా దాదాపు 9 లక్షల 50 వేలు. 2000కి 6 లక్షల 50 వేలు. ఫ్యాక్టరీలు, రేవు పనులు పోతే మనుషులూ పోతారు, ఇళ్లు బోసిపోతాయి. నాలుగో సీజన్‌లో శవాలు దాచిపెట్టేది ఆ ఖాళీ ఇళ్లలోనే. ఫ్రాంక్ సొబోట్కా అనే యూనియన్ నాయకుడు దొంగసరుకు దాటించేది సొంతానికి కాదు, రేవులో పూడిక తీయించి ఓడలు రప్పించేలా రాజకీయ నాయకులకి ముట్టజెప్పడానికి. పాపం చేసి మంచి చేద్దామనుకున్నవాడు. చివరికి హార్బర్‌లో శవమై తేలతాడు.

ఇంకో సరదా సంగతి. ఆయనమీద పోలీసు విచారణ మొదలైంది నేరం గురించి కాదు. చర్చిలో రంగు గాజు కిటికీ ఎవరు పెట్టించాలన్న పంతంతో వాల్చెక్ అనే పోలీసు అధికారి మొదలుపెట్టించాడు. పక్కూరి గుళ్లో ధ్వజస్తంభం గొడవలా ఉంటుంది.

హామ్‌స్టర్‌డామ్ ప్రయోగం మంచిదా, చెడ్డదా?

మూడో సీజన్‌లో పోలీసు మేజర్ కాల్విన్ రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నాడు. ఖాళీ వీధులు మూడు ఎంచి, ఇక్కడ అమ్ముకోండి, పట్టుకోం, మిగతా బస్తీలు వదిలెయ్యండి అంటాడు. వీధులు ప్రశాంతమవుతాయి, ముసలమ్మలు మళ్లీ మెట్లమీద కూర్చుంటారు. హామ్‌స్టర్‌డామ్ అని పేరు పడ్డ ఆ మూడు వీధులు మాత్రం నరకమే. మత్తుకి బానిసైన బబుల్స్ రాత్రిపూట అక్కడ తోపుడుబండితో తిరిగే సీన్ చూపించి సీరియల్ మనల్ని సంబరపడనివ్వదు. ఫలితం ఏమైనా ఎన్నికల ముందు బయటపడింది కాబట్టి కాల్విన్ ర్యాంకు తగ్గించి, పెన్షన్ కోసి ఇంటికి పంపుతారు. ఆయన కథ అక్కడితో అయిపోలేదు, కింద వస్తుంది.

నాలుగో సీజన్‌నే అందరూ బెస్ట్ అంటారు. ఆ నలుగురు పిల్లల్లో ఒక్కడే ఎందుకు బయటపడ్డాడు?

ఎనిమిదో తరగతి పిల్లలు: మైకెల్, నేమండ్, ర్యాండీ, డూకీ. మొదటి ఎపిసోడ్ చూసి వీళ్లలో ఎవడు బాగుపడతాడు అని పందెం వేస్తే నేమండ్ మీద ఎవరూ వెయ్యరు. నోటిదురుసు, పిరికి, తండ్రి జైల్లో ఉన్న హంతకుడు, తల్లి డెలోండా వీడు వీధిలో సరుకు అమ్మాల్సిందేనని పట్టు. బయటపడేది వాడే.

ఎందుకంటే కాల్విన్ ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్‌తో కలిసి అదే బడికొచ్చాడు, వాణ్ని గమనించాడు. తర్వాత జైలుకెళ్లి తండ్రి వీబే ఎదురుగా కూర్చుని, నీ కొడుకు నీలాంటివాడు కాదు, నాకివ్వు అని అడుగుతాడు. వీబే ఆలోచించుకుని భార్యకి చెబుతాడు, వదిలెయ్యమని. నాలుగు హత్యలకి పైగా ఒప్పుకున్న మనిషి ఆ సీజన్‌లో అందరికంటే పెద్ద త్యాగం చేస్తాడు. నాకు ఆ సీన్‌లో గొంతు పట్టేసింది.

ర్యాండీకి ఏం తక్కువ? చాక్లెట్లు కొని బడిలో అమ్ముకునే చలాకీ పిల్లాడు, పెంచుకున్న మిస్ అనా దగ్గర హాయిగా ఉన్నాడు. తనకి తెలిసిన ఒక హత్య సంగతి బడిలో చెబుతాడు. ఆ విషయం హెర్క్ అనే పోలీసు నిర్లక్ష్యంగా వాగేస్తాడు. ర్యాండీ చాడీకోరు అని వీధంతా పాకుతుంది, ఇంటికి నిప్పు పెడతారు, మిస్ అనా కాలిన గాయాలతో ఆస్పత్రిలో. నీకేం కాకుండా చూసుకుంటానని మాటిచ్చిన సార్జెంట్ కార్వర్ వెళ్లిపోతుంటే కారిడార్లో వెనకనుంచి అరుస్తాడు: ‘నన్ను చూసుకుంటావా? చూసుకుంటానన్నావుగా?’ కార్వర్ వాణ్ని తనే పెంచుకుంటానని ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. రూల్స్ ఒప్పుకోవు. అనాథ వసతి గృహం గుమ్మంలో దింపేసి, కారులో కూర్చుని స్టీరింగ్‌ని గుద్దుతూ ఉండిపోతాడు. గమనిస్తే, మొదటి సీజన్‌లో హెర్క్, కార్వర్ ఒకటే రకం. కుర్రాళ్లని కొట్టడం, జోకులేసుకోవడం. మూడో సీజన్‌లో ఇద్దరూ కాల్విన్ కిందే పనిచేశారు. కార్వర్ మనిషయ్యాడు, అయినా ర్యాండీకి పనికిరాలేదు. పాత్ర ఎదగడం అంటే మనం పండగలా చూస్తాం, ఇక్కడ అది ఒక చేతగాని ఏడుపుగా మిగులుతుంది.

మైకెల్ అందరికంటే గట్టివాడు. తమ్ముడు బగ్‌ని కాపాడుకోవడానికి ఎవరి సాయం అడగాలో తెలియక, బడినీ పోలీసునీ నమ్మలేక, మార్లో అనే కొత్త ముఠా నాయకుడి కోసం హత్యలు చేసే క్రిస్‌ని అడుగుతాడు. సాయం దొరుకుతుంది. దాని ఖరీదు మిగతా జీవితం.

డూకీ గురించి రాయాలంటే కష్టంగా ఉంది. ఇంట్లో బట్టలుకూడా అమ్ముకుని తాగేస్తే మురికి కంపుతో బడికొచ్చే పిల్లాడికి ప్రెజ్ రోజూ శుభ్రమైన బట్టలు, స్నానం ఏర్పాటు చేస్తాడు. అప్పుడే వాణ్ని పై తరగతికి, వేరే బడికి ప్రమోట్ చేసేస్తారు. మంచి జరుగుతున్నట్టే కాగితం మీద. కొత్త బడి మెట్లదాకా వెళ్లి తిరిగొచ్చేస్తాడు. ఐదో సీజన్‌లో మైకెల్ వాణ్ని దింపేసి వెళ్తున్నప్పుడు, ఆ వేసవిలో మనం ఉచ్చ నింపిన బుడగలు విసిరి తన్నులు తిన్న రోజు గుర్తుందా అని డూకీ నవ్వుతూ అడుగుతాడు. మైకెల్ కాసేపు ఆలోచించి గుర్తులేదంటాడు. ఆ బుడగల రోజు నాలుగో సీజన్ మొదట్లో ఉంది. మనకి గుర్తుంది, వాడికి లేదు.

బబుల్స్ కథ అందరి కథలకంటే వేరుగా ఎందుకనిపిస్తుంది?

నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి. మొదటి సీజన్‌లో టోపీలమ్మేవాడిలా వెళ్లి, పోలీసులు ఎవరిని ఫొటో తియ్యాలో వాడి తలమీద ఎర్రటోపీ పెట్టి చూపించే ఇన్ఫార్మర్. తెలివి, హాస్యం అన్నీ ఉన్నాయి, వాటితోపాటు మత్తు అలవాటూ ఉంది. నాలుగో సీజన్‌లో చేరదీసిన షెరాడ్ అనే కుర్రాడు, తనని కొట్టే దొంగ కోసం బబుల్స్ కలిపి పెట్టిన విషం ఎక్కించుకుని చచ్చిపోతాడు. ఆ తర్వాత ఏడాదికి పైగా మానేసి, అక్కచెల్లెలి ఇంటి నేలమాళిగలో ఉంటూ పేపర్లు అమ్ముకుంటాడు. ఆమె మేడమెట్ల తలుపుకి తాళం వేస్తుంది. ఎన్నిసార్లు నమ్మి మోసపోయిందో పాపం. చివరి ఎపిసోడ్‌లో ఆ తలుపు తీసి ఉంటుంది. మెట్లెక్కి వెళ్లి ఆమెతో కలిసి బల్ల దగ్గర అన్నానికి కూర్చుంటాడు. అంతే, డైలాగు లేదు.

ఆడపాత్రలు బలంగా ఉన్నాయా?

లేవు, ఇది సీరియల్ లోటే. డిటెక్టివ్ కీమా బాగుంది. తూటా దెబ్బ తిని ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఫలానావాడే కాల్చాడని చెప్పు అని బంక్ మెల్లగా తోస్తే, నేను చూడలేదు అంటుంది. ఐదో సీజన్‌లో మెక్‌నల్టీ అబద్ధాన్ని పైవాళ్లకి చెప్పేది కూడా ఆవిడే. నాలుగేళ్ల తేడాలో అదే మనిషి. చాలామంది ఆవిడని వెన్నుపోటు అన్నారు, నాకు కాదు. క్రిస్‌తో కలిసి హత్యలు చేసే స్నూప్‌ని కూడా మరిచిపోలేం. కానీ తల్లులు? డెలోండా, మైకెల్ తల్లి, డీఏంజెలో తల్లి ఒక్కరూ కుదురుగా ఉండరు. అన్ని మగపాత్రలకి లోపలికి తొంగిచూసే తీరిక దొరికింది, వీళ్లకి దొరకలేదు.

ఐదో సీజన్ చెడిపోయిందా?

సగం. పది ఎపిసోడ్లే కాబట్టి తొందర కనిపిస్తుంది. లేని హంతకుణ్ని సృష్టించడం మిగతా సీరియల్ సహజత్వానికి అతకదు. పత్రికాఫీసు పాత్రల్లో మంచివాడు మరీ మంచివాడు, అబద్ధాలకోరు టెంపుల్‌టన్ మరీ అబద్ధాలకోరు. సైమన్‌కి తన పాత ఆఫీసుమీద కోపం చల్లారలేదేమో అనిపిస్తుంది. అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. మార్లో ఖాళీ ఇళ్లలో మేకులు కొట్టి దాచిన శవాలకి డబ్బు ఇవ్వని నగరం, అబద్ధపు హంతకుడి కోసం ఖజానా తెరుస్తుంది. టెంపుల్‌టన్‌కి పులిట్జర్ వస్తుంది.

పేజర్లు, పబ్లిక్ ఫోన్లు. ఇప్పటివాళ్లకి పాతగా ఉండదా?

ఉంటుంది, అదే అందం కూడా. ముఠావాళ్లు పేజర్‌లో నంబరు సూటిగా పంపరు. ప్రెజ్ దాన్ని ఛేదించేది ఫోన్ బటన్లని చూస్తూ. మధ్యలో ఉన్న 5ని దూకి అవతలి అంకె నొక్కుతున్నారు: 1కి 9, 2కి 8, 3కి 7, 4కి 6. ఇక 5కి 0. బడి మానేసిన పిల్లలు కూడా మర్చిపోకుండా ఉండే కోడ్. మీ ఫోన్ తీసి ఒకసారి నొక్కి చూడండి, అర నిమిషంలో వస్తుంది.

ఇందులో నిజమైన మనుషులు ఉన్నారా?

ఉన్నారు. ఎడ్ బర్న్స్ ఒకప్పుడు అరెస్టు చేసిన డ్రగ్ డీలర్ మెల్విన్ విలియమ్స్ చర్చి పెద్దగా నటించాడు. జే లాండ్స్‌మన్ అనే అసలు పోలీసు పేరు ఒక పాత్రకి పెట్టి, ఆయనచేత వేరే పోలీసు పాత్ర వేయించారు. స్నూప్‌గా వేసిన ఫెలీషియా పియర్సన్ తన పేరుతోనే నటించింది. ఓమర్‌కి స్ఫూర్తి అయినవాళ్లలో ఒకడైన డానీ ఆండ్రూస్ ఐదో సీజన్‌లో ఓమర్ పక్కన కనిపిస్తాడు.

ఎన్ని ఎమ్మీ టీవీ అవార్డులు వచ్చాయి?

ఒక్కటీ రాలేదు. రచనకి రెండుసార్లు నామినేట్ అయింది, అంతే.

పిల్లలతో చూడొచ్చా?

వద్దు. ప్రతి వాక్యంలో బూతు ఉంటుంది. మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో మెక్‌నల్టీ, బంక్ ఒకే ఒక్క బూతుమాటని రకరకాల స్వరాల్లో అంటూ వంటింట్లో హత్య ఎలా జరిగిందో మొత్తం తేల్చేస్తారు. అత్తగారి ముందు ఆ సీన్ వచ్చిందంటే రిమోట్ దొరకదు.

చివర్లో అందరి స్థానాల్లోకి కొత్తవాళ్లు వస్తారు. అంటే ఏమీ మారదనేనా?

మైకెల్ తుపాకీ పట్టుకుని డీలర్లని దోచే కొత్త ఓమర్. డూకీ చేతికి సూది గుచ్చుకునే కొత్త బబుల్స్. సిడ్నర్ అనే కుర్ర డిటెక్టివ్ మొదటి ఎపిసోడ్‌లో మెక్‌నల్టీ చేసినట్టే జడ్జి దగ్గరికెళ్లి పైవాళ్లమీద ఫిర్యాదు చేస్తాడు. మేయర్ కార్సెట్టి గవర్నర్, రాల్స్ రాష్ట్ర పోలీసు అధిపతి, కిటికీ గొడవ వాల్చెక్ నగర కమిషనర్. లెక్కలు తారుమారు చెయ్యనన్న పోలీసు అధికారి డేనియల్స్ ఉద్యోగం వదులుకుని లాయరు అవుతాడు. గ్రీకు విషాద నాటకాల్లో దేవుళ్లు చేసే పని ఇక్కడ సంస్థలు చేస్తాయని సైమనే చెప్పాడు. అది నిజమే. అయితే నేమండ్ డిబేట్ పోటీలో మాట్లాడటమూ, బబుల్స్ మెట్లెక్కడమూ అదే సీజన్‌లో ఉన్నాయి. రెండుచోట్లా ఎవరో ఒకరు తలుపు తీశారు.

రెండోసారి చూస్తే ఏం గమనించాలి?

మూడో సీజన్ మూడో ఎపిసోడ్. కాల్పులు జరిగిన వీధిలో బంక్ నిలబడి ఉంటే, పిల్లలు ఉత్తుత్తి తుపాకులతో ఆడుకుంటుంటారు. ఈసారి ఓమర్ నేనే అని ఒక బుడ్డోడు గొడవపడుతుంటాడు. ఆ మొహాన్ని జాగ్రత్తగా చూడండి. వాడే కెనార్డ్.